ఇవ్వని సగం

సూవురోయ్ దీవి పడవ ఈ వారం రెండుసార్లు
గాలికి వెనక్కి తిరిగింది.
నా ఒళ్ళో మంచుపెట్టె. పెట్టెలో తొమ్మిది గొట్టాలు,
మూడేసి చొప్పున రబ్బరుబ్యాండు వేసి:
అమ్మ, నాన్న, జబ్బుపడ్డ బిడ్డ.
ముగ్గురూ ఉంటేనే ఒక ఇల్లు కింద లెక్క.

టోర్‌ఫిన్ మొదటిరోజే చెప్పాడు,
ఎండుచేప నములుతూ, బిల్లు వెనకాల గీతలు గీస్తూ:
"ప్రతి అక్షరానికీ మనిషి దగ్గర రెండు ప్రతులు.
బిడ్డకిచ్చేది ఒకటే. బొమ్మా బొరుసా.
జబ్బు పిల్లలందరికీ బొమ్మే ఎక్కువ పడుతోందంటే
నాణెంలో ఏదో ఉన్నట్టు."
మరి పోల్చి చూడ్డానికి ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు అక్కర్లేదా, అన్నాను.
"అక్కర్లేదు.
ఇవ్వకుండా చేతిలో మిగిలిపోయిన ప్రతి ఉందిగా,
అదే సాక్షి."

ఆ రాత్రి నిద్రపట్టలేదు.
మా అమ్మ నాకివ్వని ఓపిక
ఎక్కడ నిలబడి సాక్ష్యం చెబుతోందో అని.

రెండు ప్రతులూ ఒకటే అయినవాళ్ళుంటారు.
బొమ్మా బొమ్మే, బొరుసూ బొమ్మే.
వాళ్ళు ఏమిచ్చినా ఏమీ చెప్పినట్టు కాదు.
గొర్రెలు కాసే హైనీకి సూదంటే హడలు.
నాలుగో పోటుకి నరం దొరికితే
చెమట తుడుచుకుని, "పిల్లాడి కోసమేగా" అని నవ్వాడు.
అతని గడి ఖాళీ.
ఆ సంగతి అతనికి చెప్పలేదు నేను.

రెండువందల పన్నెండు ఇళ్ళు కావాలన్నాడు టోర్‌ఫిన్.
అన్ని ఉంటే మన వల
అయిదు చేపలొస్తే నాలుగింటిని పడుతుంది.
అయిదోది సముద్రానిదే, ఎప్పుడూ.
దీవులన్నీ గాలిస్తే
దొరికినవి నూట ముప్పై ఎనిమిది.
"ఇంకొంతమంది పిల్లలుంటే బాగుండేది" అన్నాను లెక్క చూసి.
నా మాట నాకే వినబడి
కప్పు కడగడానికి లేచిపోయాను.

సున్‌వా కూతురు బీరిటాకి
పొద్దుటిపూట వేళ్ళు కొయ్యబారిపోతాయి.
గోరువెచ్చటి నీళ్ళ గిన్నెలో చేతులు పెట్టి
బడివేళ దాకా కూర్చుంటుంది.
అమ్మ నుదురు పుణికిపుచ్చుకుంది,
అల్లిక పిచ్చి కూడా, ఆ చేతులతోనే.
"ఇది నా నుంచి వచ్చిందా, ఆయన నుంచా?"
గుమ్మం దాటాక, గొంతు తగ్గించి అడిగింది సున్‌వా.

రక్తాలు చదివాం.
నాన్న దగ్గర లేనివి, అమ్మ దగ్గరా లేనివి
బిడ్డ దగ్గరున్నాయి, పదకొండు చోట్ల.
ఒకటీ రెండూ అయితే యంత్రం తప్పనుకోవచ్చు.
టోర్‌ఫిన్ ఏమీ అనలేదు. వరస కొట్టేశాడు.
నూట ముప్పై ఏడు.
దారిలో గొట్టం పగిలిందని ఆ ఇంటికి ఉత్తరం రాశాను.
ఎయ్‌ఫిన్ దగ్గర్నుంచి జవాబు వచ్చింది:
"మళ్ళీ ఇస్తాను, ఎప్పుడు రమ్మంటారు?
నాకు రక్తానికేం కొదవ."

ఇచ్చినవి డెబ్బై నాలుగు.
ఇవ్వనివి యాభై మూడు.
తేడా కళ్ళకి కనబడుతూనే ఉంది.
గీతకి ఆవగింజంత ఇవతల ఆగిపోయింది.
ఒక్క వరస అటూ ఇటూ చేద్దామని
ఇద్దరిలో ఎవరమూ అనలేదు,
ఇద్దరం అనుకున్నాం.
"ఉందని చెప్పలేం" అన్నాడు టోర్‌ఫిన్.
కాసేపాగి, "లేదని చెప్పడానికీ మనకి బలం చాలదు."

ఆ రెండో ముక్క సున్‌వాకి ఎలా చెప్పాలా అని
పడవలో రెండుగంటలు మాటలు కూర్చుకున్నాను.
పొగమంచులో రేవు తగిలేదాకా కనబడలేదు.

తీరా వెళితే ఆమె ఏమీ అడగలేదు.
నా ముందు కాఫీ పెట్టి, నా కళ్ళలోకి చూసి,
చూపు తిప్పుకుంది.
పొయ్యి పక్కన బీరిటా చేతులు ముడుచుకుని ఎదురుచూస్తోంది.
ఎయ్‌ఫిన్ గిన్నెలో మోచేయి ముంచి
వేడి చూసి,
ఇంకాస్త చన్నీళ్ళు పోశాడు.